అతుకుల బొంత ట్రాక్టర్ కట్టాలంటే వెనక నుంచి మొదలుపెట్టండి

నాలుగు పాత బండ్ల ముక్కలు కలిపి ఒక గార్డెన్ ట్రాక్టర్ కడదామనుకున్న ప్రతివాడూ ముందు ఇంజన్ వెతుక్కుంటాడు. నేనూ అంతే. మంచి కండిషన్లో ఉన్న పెద్ద ఇంజన్ ఒకటి దొరికింది, ఇంకేముంది, బండి సగం అయిపోయినట్టే అనుకున్నాను. తీరా చూస్తే ఆ ఇంజన్ని తట్టుకునే గేర్‌బాక్స్ నా దగ్గర లేదు, అలాంటి గేర్‌బాక్స్ దొరికాక దాన్ని పట్టే ఫ్రేము లేదు, చివరికి ఇంజన్ తప్ప మిగతావన్నీ రెండోసారి వెతుక్కోవాల్సి వచ్చింది. అందుకే ఎవరడిగినా ఒకటే చెబుతాను: బండిని వెనక నుంచి ముందుకు కట్టుకుంటూ రండి. మొదట ట్రాన్సాక్సిల్, దానికి తగ్గ చక్రాలు, తర్వాత ఫ్రేము, ముందు యాక్సిల్, అన్నిటికన్నా ఆఖర్న ఇంజన్. హార్స్‌పవర్ అంకె గొప్పగా చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ నాగలి మట్టిలో దిగాక లాగేది వెనక చక్రాలు, వాటిని తిప్పే గేర్లు.

వెనక భాగం ఎంచుకోవడం

ట్రాన్సాక్సిల్ అంటే గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ (మలుపులో రెండు వెనక చక్రాలనీ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు), వెనక యాక్సిల్ మూడూ ఒకే డబ్బాలో ఉన్న ముక్క. ఉత్త గడ్డి కోసే లాన్ ట్రాక్టర్‌దీ, దున్నగలిగే గార్డెన్ ట్రాక్టర్‌దీ పైకి ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలియాలంటే చక్రం బిగించిన తీరు చూడండి. చక్రం నేరుగా యాక్సిల్ మీదికి జారిపోయి, ఒక కీ (షాఫ్టు గాడిలో దిగే చిన్న ఇనుప ముక్క), చివర ఒక క్లిప్పు మాత్రమే ఉంటే అది గడ్డి కోతకు చేసింది. యాక్సిల్‌కి హబ్బు ఉండి, దానికి నాలుగైదు బోల్టులతో చక్రం బిగించి ఉంటే, రిమ్ము 12 అంగుళాలదైతే, డబ్బా పోత ఇనుముదైతే అది చాలావరకు మట్టిపనికి పనికొచ్చేదే. 1960లు, 70ల నాటి వీల్ హార్స్, కబ్ క్యాడెట్, జాన్ డీర్ గార్డెన్ ట్రాక్టర్ల వెనక భాగాలకు ఇప్పటికీ గిరాకీ ఉన్నది ఇందుకే. ఒక్క జాగ్రత్త: కబ్ క్యాడెట్ పాత మోడళ్లలో చాలావాటికి ఇంజన్ నుంచి గేర్‌బాక్స్‌కి బెల్టు కాదు, పొడవాటి షాఫ్టు వెళుతుంది. దాన్ని బెల్టు మీద నడిచే ఫ్రేములో కూర్చోబెట్టడం మొదటి బండికి పెట్టుకోవాల్సిన పని కాదు.

గేర్లా, హైడ్రోనా (గేర్లు మార్చే పని లేకుండా, పంపు నూనె ఒత్తిడితో చక్రాలు తిప్పే రకమా) అంటే మొదటిసారి కట్టేవాళ్లకు నా ఓటు గేర్లకే. హైడ్రో నడపడానికి హాయిగా ఉంటుంది, కాదనను. కానీ దాని లోపలి పంపుకి ఏ దిక్కున తిరగాలో, ఎంత వేగంతో తిరగాలో లెక్క ఉంటుంది, పైన చల్లబరిచే ఫ్యాన్ ఉండాలి, నూనె మార్చాక గాలి మొత్తం బయటికి పోయేదాకా వెనక చక్రాలు ఎత్తి ముందుకీ వెనక్కీ ఆడించాలి. పైగా టఫ్ టార్క్ కె46 లాంటి హైడ్రోలు గడ్డి కోసే బండ్ల కోసం చేసినవి, వాటి వెనక నాగలి కడితే వేడెక్కి నీరసపడిపోతాయి. గేర్‌బాక్స్ అయితే మూత తీసి పళ్లు చూడొచ్చు, అరిగింది ఏదో కళ్లకు కనిపిస్తుంది.

డబ్బా ఇంటికి తెచ్చాక చేయాల్సిన మొదటి పని దాని లెక్క కనుక్కోవడం. ఇన్‌పుట్ పుల్లీ మీద ఒక సుద్దగీత, రెండు చక్రాల మీదా ఒక్కో సుద్దగీత పెట్టండి. మొదటి గేరు వేసి, పుల్లీని చేత్తో తిప్పుతూ చక్రం ఒక పూర్తి చుట్టు తిరగడానికి పుల్లీ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. రెండు చక్రాలూ కలిసి తిరగాలి, ఒకటి ఆగిపోతే డిఫరెన్షియల్ వల్ల రెండోది రెట్టింపు తిరిగి లెక్క తప్పుతుంది, కాబట్టి రెండు రిమ్ములకూ అడ్డంగా ఒక కర్ర కట్టేస్తే మేలు. అలా 60 చుట్లు వచ్చాయనుకుందాం. 23 అంగుళాల టైరు చుట్టుకొలత దాదాపు 1.83 మీటర్లు, బరువు పడి కాస్త నొక్కుకుంటుంది కాబట్టి 1.75 అనుకోండి. దున్నేటప్పుడు గంటకు 2.5 కిలోమీటర్లు చాలు, అంటే నిమిషానికి 41.7 మీటర్లు, చక్రం 24 చుట్లు తిరగాలి. 24 ఇంటూ 60 అంటే ఇన్‌పుట్ పుల్లీ నిమిషానికి 1440 చుట్లు. ఈ చిన్న ఇంజన్లు ఎక్కువభాగం గరిష్ఠంగా 3600 చుట్లకు గవర్నర్ (వేగం హద్దు దాటకుండా ఆపే ఏర్పాటు) పెట్టి వస్తాయి, 3600ని 1440తో భాగిస్తే 2.5. ఇంజన్ మీద 3 అంగుళాల పుల్లీ ఉంటే గేర్‌బాక్స్ మీద 7.5 అంగుళాలది కావాలన్నమాట. కాగితం మీద ఐదు నిమిషాల పని. ఇది చేయకుండా ఉన్న పుల్లీలు పెట్టేసి, మొదటి గేరులోనే పరుగెత్తే బండి తయారుచేసుకున్నవాళ్లను చూశాను. టైరు మార్చినా లెక్క మారుతుందని గుర్తుంచుకోండి, 23 తీసి 26 అంగుళాలది వేస్తే అన్ని గేర్లలోనూ వేగం 13 శాతం పెరుగుతుంది, లాగే బలం దాదాపు అంత తగ్గుతుంది.

నా బండికి మూడు రివర్స్ గేర్లు

ఇది చెప్పకుండా ముందుకు వెళ్లలేను. నా గేర్‌బాక్స్‌కి ముందుకు మూడు గేర్లు, వెనక్కి ఒకటి. ఇంజన్ వేరే మోడల్‌ది. పొగగొట్టం ఎడమవైపుకి వస్తే అందంగా ఉంటుందని ఇంజన్ని అటుది ఇటు తిప్పి బిగించాను, అంటే పుల్లీ ఉండే షాఫ్టు కుడివైపు రావాల్సింది ఎడమకి వచ్చింది. అన్నీ బిగించి, ఎదురుగా చోటు చూసుకుని, మూడో గేరు వేసి క్లచ్ వదిలాను. బండి ఎంత వేగంగా ముందుకు వెళ్లాలో అంత వేగంగా వెనక్కి వెళ్లి, వెనకున్న నీళ్ల డ్రమ్ముని కొట్టి ఆగింది. డ్రమ్ము సొట్ట, నా పరువు కూడా. రివర్స్ వేస్తే నిదానంగా ముందుకు నడిచింది.

విషయం చిన్నదే. చిన్న ఇంజన్లు దాదాపు అన్నీ పుల్లీ ఉన్న వైపు నుంచి చూస్తే గడియారం ముల్లుకి వ్యతిరేకంగా తిరుగుతాయి. ఇంజన్ని అటుదిటు తిప్పిపెడితే బండి లెక్కన పుల్లీ తిరిగే దిక్కు మారిపోతుంది. కొన్ని గేర్‌బాక్సుల్లో మూత విప్పి డిఫరెన్షియల్ పెద్ద గేరుని రెండోవైపుకి తిప్పిపెడితే సరిపోతుంది, కానీ లోపల చోటుందో లేదో విప్పితే గానీ తెలియదు. హైడ్రో అయితే ఆ మాటే వద్దు, తప్పు దిక్కున తిప్పితే దాని పంపుకి నూనె అందక పాడైపోవచ్చు. నేను ఇంజన్నే మళ్లీ తిప్పి పెట్టాను, అందంగా ఉంటుందనుకున్న పొగగొట్టం కుడివైపుకి పోయింది. మీరు డబ్బా విప్పుకొచ్చేముందే, అది ఇంకా పాత బండిలో ఉండగానే, ఇన్‌పుట్ పుల్లీ ఏ దిక్కున తిరిగితే బండి ముందుకు వెళుతుందో చూసి పెయింట్‌తో బాణం గుర్తు వేసేయండి.

ఇంకో మాట. నిలువు షాఫ్టు ఇంజన్, అడ్డ షాఫ్టు ఇంజన్ ఒకటి కాదు. నిలువు షాఫ్టు ఇంజన్ని పక్కకి పడుకోబెట్టి అడ్డ షాఫ్టుగా వాడదామనే ఆలోచన చాలామందికి వస్తుంది. లోపల నూనె అందే ఏర్పాటు వేరు, కార్బ్యురేటర్ నిలబడే తీరు వేరు. నిమిషాల్లో పట్టేస్తుంది.

ఫ్రేము, ముందు యాక్సిల్

కొత్తగా సీ-చానల్‌తో ఫ్రేము కట్టొచ్చు, లేదా ఒక పాత బండి ఫ్రేముని కోసి పొడిగించొచ్చు. ఏది చేసినా వెల్డింగ్‌కి ముందు అన్నీ ఉత్త క్లాంపులతో నిలబెట్టి చూసుకోండి. చక్రాలు బిగించి, గాలి కొట్టి, ఇంజన్ బరువు దాని చోట పెట్టి. పెద్ద పోత ఇనుము సింగిల్ సిలిండర్ ఇంజన్ 50 కిలోలు దాటుతుంది, ఆ బరువు పడ్డాక గానీ ఎక్కడ ఏది తగులుతుందో తెలియదు. ముందు నుంచి వెనక్కి మధ్యగీతగా ఒక దారం లాగండి, వెనక యాక్సిల్ దానికి మూలమట్టంగా ఉందో లేదో చూడండి, ముందు యాక్సిల్ కుడి చివర నుంచి వెనక యాక్సిల్ ఎడమ చివరకీ, అలాగే అటు మూల నుంచి ఇటు మూలకీ కొలవండి. రెండు కొలతలూ ఒకటే రావాలి. 3 మి.మీ లోపు తేడా ఉంటే నేను పట్టించుకోను, అంతకు మించితే క్లాంపులు వదులు చేసి మళ్లీ మొదటికి వస్తాను.

వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ విప్పేయండి, చార్జింగ్ రెగ్యులేటర్ ప్లగ్గు కూడా పీకేయండి. ఎర్త్ క్లాంపుని వెల్డింగ్ చేసే చోటుకి దగ్గరగా పెట్టండి, ఎక్కడో అవతలి చివర పెడితే కరెంటు బేరింగుల మీదుగా వెళ్లి బాల్సుకి గుంటలు పెడుతుంది. పోత ఇనుము ముక్కలకు వెల్డింగ్ జోలికి పోకండి, వాటిని బోల్టులతో పట్టించేలా ప్లేట్లు చేసుకోండి.

ముందు యాక్సిల్ మధ్యలో ఒక పిన్ను మీద ఊగాలి, ఆ ఊపుకి రెండువైపులా అడ్డు ఉండాలి. వేరే మోడల్ యాక్సిల్ని తెచ్చి, స్టీరింగ్ రాడ్డు తగిలించడం కుదరక ముందువైపు వెనక్కి తిప్పి బిగించేవాళ్లుంటారు. అలా చేస్తే చక్రాల చేతులు (స్టీరింగ్ రాడ్డు తగిలించే కడ్డీలు) తప్పు దిక్కున చూస్తాయి. మలుపులో లోపలి చక్రం బయటి చక్రం కన్నా ఎక్కువ తిరగాలి కదా, తిరగేసి పెడితే తక్కువ తిరిగి నేలని గీరుకుంటూ పోతుంది. చేతులు యాక్సిల్ వెనకవైపు ఉన్నప్పుడు చక్రం తిరిగే పిన్ను నుంచి ఆ చేయి మీదుగా గీత గీస్తే అది దాదాపు వెనక యాక్సిల్ మధ్యకు పోవాలి, అంత చాలు. చక్రాలు ముందువైపు 3 మి.మీ దాకా లోపలికి చూస్తే స్టీరింగ్ నిలకడగా ఉంటుంది.

బోల్టుల గురించి ఒక గోడు. పాత అమెరికన్ బండ్లు అంగుళాల కొలతలో ఉంటాయి, మిగతావి చాలావరకు మి.మీ. 5/16 అంగుళాల బోల్టు 7.94 మి.మీ, కంటికి అది 8 మి.మీ బోల్టే. కానీ థ్రెడ్డు వరసల మధ్య దూరం ఒకదానిది 1.41 మి.మీ, రెండోదానిది 1.25. రెండు చుట్లు హాయిగా ఎక్కి మూడో చుట్టులో బిగుసుకుంటుంది, మనం తుప్పు అనుకుని ఇంకాస్త బలం వాడతాం, అంతే, నట్టు పోయినట్టే. షాఫ్టులూ అంతే, 1 అంగుళం అంటే 25.4, దాని మీదికి 25 మి.మీ పుల్లీ ఎక్కదు, 26 మి.మీ పుల్లీ ఎక్కి ఊగుతుంది, ఊగే పుల్లీ కీని నమిలేస్తుంది. పుల్లీని లేత్ మీద సరిగ్గా తీయించండి. డబ్బా రేకు చుట్టి బిగించిన పుల్లీని నేను ఒకసారి నమ్మాను, అది ఒక్క పూట నిలిచింది.

బెల్టు

ఈ బండిలో ఎక్కువ సతాయించేది ఇదే. ఏ-సెక్షన్ బెల్టు పైవెడల్పు 13 మి.మీ, బీ-సెక్షన్ 17 మి.మీ. పుల్లీ గాడి ఏ సెక్షన్‌దో బెల్టూ ఆ సెక్షన్‌దే కావాలి, చిన్న బెల్టు పెద్ద గాడిలో అడుగుకి కూరుకుపోయి జారుతుంది. క్లచ్‌లా వాడే బెల్టు కాబట్టి ఆ పనికి చేసిన రకమే వేయండి, మామూలు మోటారు బెల్టు త్వరగా మాడుతుంది. రెండు పుల్లీలూ ఒకే గీతలో ఉన్నాయో లేదో పుల్లీ అంచు ఆనించి చూడకండి, వేర్వేరు మోడళ్ల పుల్లీల అంచు మందం వేరుగా ఉంటుంది, గాడి మధ్య నుంచి కొలవండి. పొడవుకి లెక్కల సూత్రాలున్నాయి గానీ, ఐడ్లర్ పుల్లీతో (బెల్టుని నొక్కి బిగువుగా ఉంచే పుల్లీ) సహా అన్నీ బిగించి, ఒక సన్నతాడు చుట్టి కొలిచి ఆ పొడవు బెల్టు తెచ్చుకోవడం నాకు తేలిక.

ఐడ్లర్ పుల్లీ ఎప్పుడూ బెల్టు వదులుగా ఉండే వైపు నొక్కాలి. ఇంజన్ పుల్లీ ఏ వైపు బెల్టుని తన దగ్గరికి లాక్కుంటుందో అది బిగువు వైపు, రెండోది వదులు వైపు. నేను ఇంజన్ తిప్పిపెట్టినప్పుడు ఇది కూడా తారుమారయింది, అందుకే రివర్స్ ముచ్చట పక్కన పెడితే, ఐడ్లర్ కూడా బండి లాగినప్పుడల్లా ఎగిరెగిరి పడేది. స్ప్రింగు బలం చాలట్లేదనుకుని గట్టి స్ప్రింగు వేశాను, క్లచ్ తొక్కలేక కాలు నొప్పి వచ్చింది తప్ప లాభం లేదు.

క్లచ్ తొక్కగానే బెల్టు ఇంజన్ పుల్లీ నుంచి వదులై ఆగాలి. అలా ఆగడానికి పుల్లీ చుట్టూ 3 మి.మీ దూరంలో రెండు మూడు కమ్మీలు అడ్డుపెడతారు, బెల్టు వదులైనప్పుడు అవి దాన్ని బయటికి ఎత్తిపెడతాయి. పాత బండి నుంచి ఇంజన్ విప్పేటప్పుడు చాలామంది ఈ కమ్మీలను చెత్త అనుకుని వదిలేసి వస్తారు. అవి లేకపోతే క్లచ్ తొక్కినా బండి పాకుతూనే ఉంటుంది, అది ప్రమాదం.

కరెంటు పని

ఇక్కడ ఒకటే పెద్ద గొయ్యి. కొన్ని ఇంజన్లది మాగ్నెటో ఇగ్నిషన్, అంటే స్పార్కు ఇంజన్ తనే పుట్టించుకుంటుంది, ఆపాలంటే ఒక వైరుని బాడీకి తగిలించాలి. కొన్నిటిది బ్యాటరీ ఇగ్నిషన్, వాటి కాయిల్‌కి 12 ఓల్టులు ఇస్తేనే నడుస్తాయి. రెండిటి తాళం స్విచ్చులు పైకి ఒకేలా ఉంటాయి, లోపల పూర్తిగా ఉల్టా. బ్యాటరీ రకం స్విచ్చుని మాగ్నెటో ఇంజన్‌కి కలిపితే ఆపే వైరులోకి 12 ఓల్టులు పోయి కాయిల్ మాడిపోతుంది. కాబట్టి ఇంజన్ ఏ బండిదో స్విచ్చు ఆ బండిదే తెచ్చుకోండి, లేదా మీటర్ పెట్టి ఆఫ్‌లో ఏ పిన్నుకి ఏది కలుస్తుందో, ఆన్‌లో ఏది కలుస్తుందో రాసుకున్నాకే వైరు తగిలించండి.

రెండోది ఎర్త్. ఇంజన్ కింద రబ్బరు దిమ్మలు వేశారంటే ఇంజన్‌కీ ఫ్రేముకీ మధ్య కరెంటు దారి తెగిపోయినట్టే. సెల్ఫ్ కొట్టగానే ఆ కరెంటు దొరికిన దారిన పోతుంది. నా బండిలో దానికి చోక్ కేబుల్ దొరికింది. తాళం తిప్పగానే కేబుల్ మీద ప్లాస్టిక్ బుడగలు కట్టి పొగ లేచింది. ఇంజన్ నుంచి బ్యాటరీ నెగెటివ్‌కి నేరుగా ఒక లావు వైరు వేశాక మళ్లీ ఆ గొడవ లేదు.

సీటు కింద స్విచ్చు, క్లచ్ దగ్గర స్విచ్చు, బ్లేడ్ల స్విచ్చు పీకేసి వైర్లు కలిపేయాలని మనసు లాగుతుంది. వద్దు. మనిషి కింద పడ్డాక బండి తనంతట తాను నడుస్తూ పోకూడదు.

మిగిలినవి

పెట్రోలు ట్యాంకు కార్బ్యురేటర్ కన్నా పైన ఉంటే దానంతటదే దిగుతుంది, కిందికి వస్తే పంపు కావాలి. వేరే మోడల్ బానెట్ వేసేవాళ్లు ఇంజన్ చల్లగాలి పీల్చే జాలీకి అది అడ్డు రాకుండా చూడండి, వేడిగాలే మళ్లీ మళ్లీ పీలిస్తే ఎంత మంచి ఇంజనైనా నిలవదు. పొగగొట్టం ట్యాంకు వైపు, బెల్టు వైపు చూడకూడదు.

గడ్డి కోసే డెక్ కూడా వేరే బండిదే తగిలిస్తుంటే బ్లేడ్ల వేగం లెక్క వేయండి. బ్లేడు కొన వేగం నిమిషానికి 19,000 అడుగులు, అంటే సెకనుకి దాదాపు 96 మీటర్లు మించకూడదని అమెరికన్ ప్రమాణం. 16 అంగుళాల బ్లేడు 3600 చుట్లు తిరిగితే కొన వేగం సెకనుకి 77 మీటర్లు, ఫర్వాలేదు. అదే ఇంజన్ మీద పెద్ద పుల్లీ వేసి 4600 దాకా తిప్పితే హద్దు దాటినట్టే. బ్లేడ్లు తిరగాల్సిన దిక్కు కూడా చూసుకోండి, లేకపోతే బ్లేడు మొద్దు అంచుతో గడ్డిని కొడుతుంది.

వెనక లాగుడు కొక్కెం యాక్సిల్ మధ్యగీత కన్నా కిందే ఉండాలి. పైన తగిలిస్తే నాగలి రాయికి పట్టుకున్నప్పుడు బండి ముందుచక్రాలు లేచి మనిషి మీదికి తిరగబడుతుంది. ఇందులో బేరం లేదు.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు వెనక భాగం గట్టి స్టాండ్ల మీద పెట్టి, చక్రాలు గాలిలో తిరుగుతుండగా ప్రతి గేరూ చూడండి, ఏ దిక్కున తిరుగుతున్నాయో ముఖ్యంగా. తర్వాత చదును నేల మీద మొదటి గేరులో, బ్రేకు పట్టుకుంటోందో లేదో చూస్తూ. ఒక గంట నడిపాక ఆపి ప్రతి బోల్టూ మళ్లీ బిగించండి, సింగిల్ సిలిండర్ ఇంజన్ వణుకుడికి కొన్ని కచ్చితంగా వదులై ఉంటాయి. బెల్టు సాగి ఉంటుంది, ఐడ్లర్ సర్దండి.

ఇంకొకటి, ఇప్పుడే చేయండి. రెండేళ్ల తర్వాత బెల్టు తెగితే అది ఏ మోడల్‌దో మీకు గుర్తుండదు, కొట్టువాడు బండి పేరు అడుగుతాడు, మీ బండికి పేరు లేదు. నేను ట్రాన్సాక్సిల్ మోడల్, ఇంజన్ స్పెక్ నంబరు, బెల్టు సైజు, ఫిల్టరు, ముందు చక్రాల బేరింగు నంబర్లు అన్నీ బానెట్ లోపలివైపు తెల్ల పెయింట్‌తో రాసి పెట్టాను. చివరి వరసలో "పొగగొట్టం కుడివైపే" అని కూడా రాశాను.